ఆఖరి పంటు

ఏడున్నర దాటింది.
నర్సాపురం రేవులో ఆఖరి పంటు
ఇంకో రెండు మోటారుసైకిళ్ల కోసం ఆగింది.
టికెట్ల కుర్రాడు చిల్లర లేదని
రెండు రూపాయలకి బదులు చాక్లెట్టు చేతిలో పెట్టాడు.
పాస్‌పోర్టు అడగలేదు.

ఆ మాట పైకే అన్నాను కాబోలు,
దారం కండెల బస్తా మీద కూర్చున్న సువార్తమ్మ తలెత్తింది.
"రొయ్యల కంపెనీ వాళ్లు పంపితే ఓడెక్కెళ్లారంట కదండీ.
అక్కడా ఇలాగే దాటిస్తారా?"

ఇలాగే, అన్నాను.
అబద్ధం కాదు. పూర్తిగా నిజమూ కాదు.

బూసాన్‌లో సాయంత్రం ఎక్కితే
షిమొనోసెకిలో తెల్లారుతుంది.
నడిమధ్యలో ఎక్కడో దేశం మారుతుంది,
నిద్రలో ఉంటాం, తెలీదు.
వేలిముద్ర వెయ్యాలి, అద్దంలోకి చూడాలి,
సంచీలో పళ్లేవీ లేవని సంతకం పెట్టాలి.
మామిడి తాండ్ర పండు కిందికి వస్తుందో రాదో తెలియక
వరుసలో నిలబడే మొత్తం తినేశాను.

పోటు మీదుంది వశిష్ఠ.
సరంగు ధర్మారావు పంటుని తిన్నగా కాక
కాస్త ఎగువకి పట్టాడు, చెవి మాత్రం ఇటే.

చవక టికెట్టుకి మంచాలుండవు.
చాపల గది. పన్నెండుమందికి పన్నెండు దుప్పట్లు,
ఇటికలాంటి తలగడ.
పైన స్నానాల గదిలో పెద్ద తొట్టి, వేణ్ణీళ్లు,
ఓడ ఎటు ఒరిగితే నీళ్లటు,
నీళ్లెటు ఒరిగితే ముసలాళ్లటు,
ఒంటి మీద నూలుపోగు లేకుండా, గంభీరంగా.
"గోచీ కూడా లేకుండానా!"
చుక్కాని వదిలేసి నవ్వాడు ధర్మారావు.

నా పక్క చాప ఒక పెద్దావిడది.
వారానికి మూడుసార్లు దాటుతుందట, సరుకుతో.
ఇటునుంచి మిరప్పొడి, నువ్వులనూనె,
అటునుంచి అన్నం వండే కుక్కర్లు.
మూడు వేళ్లు చూపించి పదిసార్లు ముడిచింది,
ముప్పయ్యేళ్లుగా అని.
ఎండుచేప చింపి సగం నాకిచ్చింది.
గదంతా ఒక్కసారి పల్లిపాలెం వాసన.

తర్వాత మూట విప్పి సర్దుతుంటే
కవర్లో తెల్లటి బల్లగుడ్డ.
చీటీ మీద ఏదో పేరు, మన ఊరిది కాదు.
కానీ ఆ అంచు:
నాలుగు రేకులు, ఒక ఖాళీ, మళ్లీ నాలుగు.
మా వీధి అరుగుల మీద
మధ్యాహ్నాలన్నీ తిని పెరిగే పువ్వు.
ఒక మూల రేకు ఒకటి తక్కువ.
కరెంటు పోయినప్పుడు ఎవరో తడుముకుంటూ అల్లినట్టుంది.

గుడ్డని చూపించాను, నన్ను చూపించుకున్నాను,
కిటికీలోంచి నీళ్లవైపు, ఇంకా అవతలికి చూపించాను.
ఆవిడ అర్థమైనట్టు తలూపి
లెక్కల మిషన్ మీద ధర నొక్కి నా ముందు పెట్టింది.

ఇంతసేపూ సువార్తమ్మ చేతిలో కొక్కెం ఆగలేదు.
చీకట్లోనే అల్లుతోంది,
దారం ఒళ్లోంచి పాక్కుంటూ పైకొస్తోంది.
ఆశ్చర్యపోలేదు.
"ఆయ్, వెళ్తాయండి. ఎక్కడికో అక్కడికి వెళ్లకపోతే
షావుకారెందుకు కొంటాడు?"
కాసేపు ఇంజను చప్పుడే.
"ఎంతన్నాదండీ ఆవిడ?"

ఆ అంకె గుర్తుంది నాకు.
ఆ రాత్రే చాప మీద పడుకుని
మన రూపాయల్లోకి మార్చాను,
తప్పేమోనని మళ్లీ మార్చాను.
కండెకి షావుకారు ఎంతిస్తాడో కూడా తెలుసు.
సగం చేసి, అందులో సగం చేసి
చెప్పాను.

కొక్కెం ఆగింది.

సఖినేటిపల్లి రేవు దీపాలు దగ్గరపడ్డాయి.
పలక ఒడ్డుకి తగిలింది,
మోటారుసైకిళ్లు ముందు దిగాయి,
వెనకాలే మేక, మేక వెనకాల పిల్లాడు.
బస్తా నెత్తికెత్తబోతే వద్దంది.
తనే ఎత్తుకుని, రెండడుగులు బురదలో వేసి
వెనక్కి తిరిగింది.

"మూలని రేకు తగ్గిందన్నారు చూడండి,
అది మాత్రం నా చేతిది కాదండి."